సారు చెప్పిన నవాబు

అరవైల్లో ఖరగ్‌పూర్ కంట్రోల్ ఆఫీసులో ఉండీవోణ్ణి. ఫోన్లో స్టేషన్లకి రైళ్ల సంగతి చెప్పడం నా పని. అన్నిటికీ ఒకే తీగ, ఒకడు మాట్లాడితే లైనంతా వింటాది. బండ్లు లేని వేళ ఆ తీగ మీదే తెలుగు పేపర్లో పజిల్ చదివితే, మనోళ్లయిన స్టేషన్ మాస్టర్లు తలో మాటా అందించీవోరు. నిండిన గళ్లు ఇంట్లో చూపించి, అంతా నా బుర్రేనని మీసం దువ్వుకునీవోణ్ణి.

ఓ రోజు "ఏనుగు మీద కూకునీవోడు, మూడక్షరాలు" అని అడిగినాను. బాలాసోర్ నించి ఎర్రయ్య "మావటి" అన్నాడు. రాసినాను. 'మా' ఉన్న గడిలోంచి నిలువుగా మామిడి కూడా కుదిరింది.

అంతలో తీగలో దగ్గు. మా ఆఫీసరు వెంకటసుబ్బయ్య గారు! ఆయన బల్ల మీదా అదే తీగుందని మరిసిపోయినాను, ఎదవని. ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఆయన తిట్టలేదు.

"నవాబు గదయ్యా!" అన్నారు.

"అవునండి, నవాబేనండి!" అందరికంటే ముందు అరిసింది నేనే. మావటిని చెరిపి నవాబుని ఎక్కించినాను. నిలువు మామిడి కాస్తా 'నమిడి' అయింది. సారు చెప్పినాక నమిడి మాత్రం పండు కాదా?

మర్నాడు పేపర్లో జవాబు మావటే. సారు ఫోన్లో "ఏమైందయ్యా?" అన్నారు.

"పేపరోళ్లు తప్పేసినారండి," అన్నాను.

ఇంటికెళ్తే మా ఇంటిది పోలమ్మ నా గళ్లు చూసి, నవ్వకుండా సంచీ చేతికిచ్చింది.

"గోల్‌బజార్ కెళ్లి రెండు నమిడికాయలు తే. పచ్చడి సేస్తాను."