వెనక్కి తిరిగిన చేప

నా చిన్నప్పుడు నన్ను భయపెట్టడానికి ఎవరూ ప్రత్యేకంగా కష్టపడనక్కర్లేదు. రైలు కూత, కరెంటు పోవడం, లెక్కల మాస్టారి దగ్గు, ఏదైనా సరిపోయేది. అందుకే ఆ వేసవి సెలవుల్లో మా తాతయ్య నన్ను తన షెడ్డులోకి పిలిచి, గిటారు మీద ఆల్చిప్పలు పొదిగే పని నేర్పుతాను రమ్మన్నప్పుడు మా అమ్మమ్మ బుగ్గలు నొక్కుకుంది. తలుపు చప్పుడుకే ఉలిక్కిపడే పిల్ల ఉలి ఏం పట్టుకుంటుందని ఆవిడ అనుమానం. నిజం చెప్పాలంటే నా అనుమానమూ అదే.

మా తాతయ్య అంటే అమ్మావాళ్ళ నాన్న. తాడేపల్లిగూడెంలో ఆయనకి చిన్న వడ్రంగి షెడ్డు ఉండేది. పేరుకి కుర్చీలూ బల్లలూ చేసినా ఆయన ప్రాణమంతా గిటార్ల మీదే. చర్చిల్లో పాడేవాళ్ళు, పెళ్ళిళ్ళలో కచేరీ చేసే ఆర్కెస్ట్రావాళ్ళు వచ్చి చేయించుకునేవారు. గిటారు మెడ మీద సన్నటి నల్ల పలక ఒకటి ఉంటుంది. ఎడమ చేతి వేళ్ళు నొక్కేది దాని మీదే. వేలు ఎక్కడ వెయ్యాలో వాయించేవాళ్ళకి చటుక్కున కనబడాలని ఆ పలకలో అయిదు చోట్ల తెల్ల చుక్కలు పొదుగుతారు. మిగతావాళ్ళు ప్లాస్టిక్ ముక్కలతో సరిపెట్టేవారు. మా తాతయ్య మాత్రం కొల్లేటి ఆల్చిప్పలు పొదిగేవారు. అవీ చుక్కలు కాదు, చేపలు. చిటికెన వేలి గోరంత చేపలు అయిదు, ఒకదాని వెనక ఒకటి, అన్నీ ఒకే వైపు ఈదుతున్నట్టు ఉండేవి.

ఆకివీడు అవతల సున్నం కాల్చేవాళ్ళు కొల్లేటి గుల్లలు గుట్టలుగా పోసుకునేవారు. అవి బట్టీలో పడకముందే తాతయ్య వెళ్ళి మందమైన చిప్పలు ఏరి గోనెసంచిలో తెచ్చుకునేవారు. చిప్ప బయటివైపు బురద రంగులో మొరటుగా ఉంటుంది. మెరుపంతా లోపలివైపే. దాన్ని నీళ్ళలో ముంచి రాతి మీద అరగదియ్యాలి. పొడిగా అరగదీస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి మనిషిని నిలవనివ్వదని తాతయ్య మొదటిరోజే చెప్పారు. దాంతో నేను నీళ్ళలో పని చేస్తూ కూడా మూడు రోజులు ముక్కుకి తువ్వాలు కట్టుకుని కూర్చున్నాను.

చదును చేసిన చిప్ప మీద చేప బొమ్మ గీసిన కాగితం అంటించి, కంసాలి వాడేలాంటి తీగ రంపంతో గీత వెంబడి కొయ్యాలి. అదే బొమ్మని పలక మీద గీసుకుని, సన్న ఉలితో సరిగ్గా అంతే గుంట తవ్వాలి. చేప ఆ గుంటలో బిగుతుగా కూర్చోవాలి. నేను ముగ్గు వేస్తే గీత వంకర పోదని, అందుకే నన్ను ఎంచుకున్నానని తాతయ్య అన్నారు. నమ్మేశాను. ఆయన నా పక్కన స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, నోటితోనే అంతా చెప్పేవారు. ఉలి మాత్రం ముట్టుకునేవారు కాదు. భోజనం కూడా మా అందరి తరవాత, ఒక్కరూ పెరటి వసారాలో తినేవారు. ముసలాయన చాదస్తం అని అమ్మమ్మ విసుక్కునేది.

అప్పుడే ఏలూరు నుంచి ఒక ఆర్కెస్ట్రా ఆయన వచ్చారు. ఎత్తుగా, కోపంగా ఉండే మనిషి. పలక కోసం చెక్క తనే తెచ్చారు. వాళ్ళ నాన్నగారి బీరువా పాడైపోతే అందులోంచి తీసిన జిట్రేగి చెక్క, నల్లగా గట్టిగా ఉండే ఖరీదైన కలప. శనివారం వచ్చి పలక చూస్తానని, తను సరేనంటేనే మెడకి అతికించాలని చెప్పారు. వెళ్ళబోతూ, షెడ్డులో ఆడపిల్ల ఎందుకుందా అన్నట్టు నన్నొకసారి చూసి, "ఇది పాడైతే మళ్ళీ రాదండి" అన్నారు.

నాలుగు చేపలు బాగానే వచ్చాయి. శుక్రవారం మధ్యాహ్నం తాతయ్య తీగలు కొనడానికి బజారుకి వెళ్ళారు. అయిదో చేప గుంట తవ్వడం అప్పటికే అయిపోయింది. చేప కొయ్యడమే మిగిలింది. ఎప్పుడూ కాగితం మెరుపువైపే అంటించేవాళ్ళం. ఆ రోజు చిప్ప మరీ నున్నగా ఉండి కాగితం జారిపోతోంది. నేనేదో తెలివైనదాన్నని, తిప్పి మొరటువైపు అంటించాను. గట్టిగా పట్టింది. హాయిగా కోసేశాను. కాగితం ఊడదీసి మెరుపు పైకి వచ్చేలా తిప్పేసరికి చేప వెనక్కి చూస్తోంది.

ఇంకో చిప్ప తీసుకుని మళ్ళీ కోసుంటే సరిపోయేది. సంచి నిండా చిప్పలున్నాయి. కానీ భయమేసినవాళ్ళకి సంచి కనబడదు. తాతయ్య వచ్చేస్తారు, ఆ ఏలూరు ఆయన వచ్చేస్తారు, అంతే తోచింది. తిరిగిన చేపని ఆ గుంటలోనే పట్టించాలని ఉలితో అంచులు గీకడం మొదలుపెట్టాను. తోక దగ్గర గీకితే తల పట్టదు, తల దగ్గర గీకితే తోక వదులు. ఇంతలో ఉలి జారింది. గుంట అంచులో బియ్యపుగింజంత పెచ్చు లేచిపోయింది. ఆ పలకని ఒళ్ళో దాచుకుని ఇంట్లోకి పరిగెత్తి, వెనక గదిలో పాత బొంతల కింద దూర్చేశాను.

తాతయ్య వచ్చి పలక ఏదని అడిగితే తెలియదన్నాను. ఆయన నన్ను అనుమానించలేదు. అదే వచ్చిన చిక్కు. బల్ల కింద చూశారు, చెక్కల దొంతర వెనక చూశారు, సంచి బోర్లించారు. మళ్ళీ బల్ల కింద చూశారు. చూసిన చోటే మూడోసారి కూడా చూస్తుంటే నేను తలుపు చాటుకి జరిగాను. చివరికి అరుగు మీద కూలబడ్డారు. ఏమయిందని అమ్మమ్మ బయటికొస్తే, ఆవిడ ముందు రెండు చేతులూ చాపారు. ఆ చేతులు ఒకటే వణుకుతున్నాయి.

"ఏడాదై చేతులు పోయాయి. చెప్పలేకపోయాను. ఇప్పుడు మతి కూడా పోతోందే" అన్నారు.

అమ్మమ్మ పక్కన కూర్చుని ఆ చేతులు రెండూ పట్టుకుంది. నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను. అంతవరకూ నాకు తెలిసిన భయాలన్నీ పిల్లల భయాలే. పెద్దవాళ్ళు కూడా భయపడతారని, అదీ మా తాతయ్యంతటి మనిషి భయపడతారని, ఆ భయం నేను పెట్టిందేనని నాకు అప్పుడే తెలిసింది. దెబ్బలు పడినా పడనీ అనుకోవడానికి నాకేం ధైర్యం రాలేదు. ఆయన్ని అలా చూడటం దెబ్బలకంటే భయంగా ఉంది, అంతే. వెళ్ళి బొంతల కింద నుంచి పలక తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టి ఏడ్చాను.

ఆయన పలకని గుండెలకి హత్తుకున్నారు. పాడైన గుంటని చూడనైనా లేదు. "అమ్మయ్య, నాకు మతి పోలేదన్నమాట" అన్నారు. నా ఏడుపు మధ్యలో నాకు కాస్త కోపం కూడా వచ్చింది, నా సంగతి అడగరేమిటి అని. తరవాత అడిగారు. అంతా చెప్పాను. కాగితం, మొరటువైపు, ఉలి జారడం, బొంతలు.

"భయమేస్తే భయమేసిందని చెప్పెయ్యాలమ్మడూ. దాచుకుంటే అది చేతుల్లోకి దిగుతుంది" అన్నారు. అని, తన మాట తనకే తగిలినట్టు తల దించుకున్నారు.

ఆ పూటే పని మొదలుపెట్టాం. తిరిగిన చేపని తిరిగినట్టే ఉంచి, అదే చెక్కలో మిగిలిన ముక్కని ఆకురాయితో రాపాడించి ఆ పొడి జిగురులో కలిపి, చుట్టూ ఉన్న సందులు నింపాం. ఆరాక ఉప్పుకాగితంతో రుద్దాం. దగ్గరగా చూస్తే చేప చుట్టూ చిన్న నీడ ఉంది. నాలుగు చేపలు ముందుకి, ఒకటి వెనక్కి.

శనివారం ఏలూరు ఆయన రాగానే నేను అమ్మమ్మ కొంగు చాటుకి చేరాను. తాతయ్య పలక ఇంకా చూపించకుండానే చెప్పారు.

"ఏవండీ, ముందు ఒక మాట చెప్పాలండి. ఏడాదిగా నా చెయ్యి వణుకుతోందండి. ఈ పని మా మనవరాలిది. అయిదో చేప దగ్గర భయపడి పాడుచేసింది, సర్దామండి. ఆ తప్పు నాదే. చెయ్యి బాగోలేదని మీకు ముందే చెప్పి ఉండాల్సింది."

ఆయన పలక తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పారు. బొటనవేలితో తడిమారు. మొహంలో ఏమీ తెలియలేదు. పలకని తువ్వాల్లో చుట్టుకుని, ఒక్క మాట లేకుండా వెళ్ళిపోయారు. ఇక ఆ గిటారూ లేదు, ఈ షెడ్డూ లేదు అనుకున్నాను. విచిత్రమేమిటంటే, ఆ మధ్యాహ్నం తాతయ్య మాతోపాటే పీట వేసుకుని భోజనానికి కూర్చున్నారు. ముద్ద నోటి దాకా వెళ్ళేలోపు సగం మెతుకులు రాలిపోయాయి. ఆయన దాచలేదు, మేమూ చూడనట్టు నటించలేదు. అమ్మమ్మ ఇంకో గరిటె వడ్డించింది.

సోమవారం ఏలూరు ఆయన తిరిగొచ్చి పలకని బల్ల మీద పెట్టారు. అతికించెయ్యండి అన్నారు. నా వైపు చూసి, ఈసారి కాస్త మెత్తగా, కాగితం ఎటువైపు అంటించాలో ఇప్పుడు తెలిసిందా అమ్మా అని అడిగారు. అంటే నేను షెడ్డులోకి వచ్చేలోపే తాతయ్య ఆయనకి అది కూడా చెప్పారన్నమాట. నాకు సిగ్గేసింది. తాతయ్య చేతుల సంగతి బయటపడ్డాక చర్చివాళ్ళు కొందరు రావడం మానేశారు. అది కూడా నిజమే. ఇంకో రెండు వేసవులు తాతయ్య నోటితోనూ నా చేత్తోనూ పని జరిగింది. ఆ తరవాత ఆయన మంచం పట్టారు.

చాలామంది అనుకుంటారు, ఆ రోజుతో నా భయం పోయి ఉంటుందని. ఎక్కడ పోయింది? అరవై దాటాను, ఇప్పటికీ పిరికిదాన్నే. మొన్న కంటి ఆపరేషన్‌కి ఏలూరు వెళ్తున్నాం. బస్సులో నా పక్కన మా కోడలు కూర్చుంది. కొత్తగా వచ్చిన పిల్ల, నాతో ఇంకా మొహమాటంగానే ఉంటుంది. నా మొహం చూసి, మంచినీళ్ళు కావాలా అత్తయ్యగారూ అని అడిగింది. వద్దమ్మా, నాకు చాలా భయంగా ఉంది అన్నాను. ఆ పిల్ల నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. ఏలూరు వచ్చేదాకా వదల్లేదు.