సొరచేప కోసం గోల్‌బజార్‌కు

బెంగాల్‌లోని మథురాకాటి రైల్వే క్వార్టర్సులో ఏ తెలుగింట పురుడు జరిగినా పిలవకుండా వచ్చే మనిషి ఎస్తేరమ్మ. ఆమె భర్త లూకా వర్క్‌షాపులో ఫిట్టరు. ఆమెకు ఉద్యోగం లేదు, జీతం లేదు, తీరిక అసలే లేదు. కూతురు ఎమిలీ పుట్టినప్పుడు ఆసుపత్రిలో ఓ ముసలి నర్సు పక్కన కూర్చుని పాలివ్వడం ఓపిగ్గా నేర్పింది. ఆ నేర్చుకున్నది కడుపులో దాచుకుంటే అరగదనుకుందో ఏమో, అప్పటినుంచీ ఊరంతా పంచుతూనే ఉంది. రైల్లో ఎదురు సీటు బాలింతను కూడా వదిలేది కాదు. ఇక ఆ గొంతు ఎలాంటిదంటే, ఈ చివర క్వార్టర్లో ఆమె గుసగుసలాడితే ఆ చివర క్వార్టర్లోని తల్లి బిడ్డను సర్ది ఎత్తుకునేది.

అయితే ఆమె వైద్యంలో మొదటి మందు బాలింతకు కాదు, అత్తగారికి. మంచం చుట్టూ అత్త, పెద్దత్త, ఆడపడుచు నిలబడి తలో మాటా అంటుంటే ఏ పిల్ల స్థిమితంగా పాలిస్తుంది? వాళ్ళు పొమ్మంటే పోయే రకం కాదు. అందుకని ఎనభై మూడులో ఎస్తేరమ్మ ఓ ఉపాయం కనిపెట్టింది. గుమ్మంలో అడుగుపెడుతూనే బిడ్డను చూసి పెదవి విరిచేది.

"సొరసేప కావాల. సొర తింటేగానీ పాలు పడవు. కుర్రోళ్ళని సూస్తే బజారోళ్ళు మోసం సేస్తారు. పెద్దోళ్ళు, మీరే ఎల్లాల," అనేది.

బాలింతకు సొరపిట్టు పెట్టడం సముద్రం ఒడ్డు తెలుగువాళ్ళకు తాతలనాటి అలవాటు, కాబట్టి ఏ అత్తా కాదనేది కాదు. సంచీ పట్టుకుని రిక్షా ఎక్కేది. గోల్‌బజార్ చేపల వరసలో రుయి, కాత్లా, ఇలిష్ కుప్పలుగా ఉంటాయి గానీ సొర ఎక్కడుంది? వచ్చీరాని బెంగాలీలో దుకాణం దుకాణం అడిగి, ఉత్త సంచీతో తిరిగొచ్చేసరికి ఓ పూట గడిచిపోయేది.

ఆ పూటలో ఎస్తేరమ్మ తలుపు దగ్గరగా వేసి పని కానిచ్చేది. "గోడకి ఆనుకో. నువ్వు బిడ్డ మీదకి వంగకు, బిడ్డనే నీ మీదకి తెచ్చుకో. పొట్టకి పొట్ట తగలాల. నోరు బాగా తెరిసేదాకా ఆగు. సనుమొన ఒక్కటే పెడితే నీకు నొప్పి, దానికి ఆకలి. సుట్టూ ఉన్న నలుపు కూడా నోట్లోకి ఎల్లాల. ఏడిసేదాకా ఉండకు, సెయ్యి సప్పరిస్తుంటేనే ఎత్తుకో," అనేది. పసుపుపచ్చగా వచ్చే మొదటి పాలు ఎవరైనా పిండి పారబోయబోతే మాత్రం ఆమెకు ఒళ్ళు మండేది. "గేదె ముర్రుపాలు జున్నుకని కొట్టుకు సస్తారు. మనిషి ముర్రుపాలు పనికిరావేటి?" అని అడిగేది.

అలా సొరకు వెళ్ళిన మొదటి అత్త పక్క క్వార్టరు అప్పలనర్సమ్మ. ఆవిడ ఎండలో తిరిగి తిరిగి వచ్చి చూస్తే కోడలి ఒళ్ళో మనవడు గుటకలేస్తున్నాడు. ఆవిడ ఖాళీ సంచీ మేకుకు తగిలించి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి ఊరుకుంది. ఎందుకు ఊరుకుందో ఎస్తేరమ్మ ఆలోచించలేదు. ఆలోచించాలంటే కాసేపు మాట్లాడకుండా ఉండాలి కదా మరి.

తొంభై రెండులో ఎమిలీ పురిటికి పుట్టింటికొచ్చి ఆడపిల్లను కంది. ఎస్తేరమ్మకు కాలు నేల మీద నిలవలేదు. ఊరందరికీ నేర్పిన విద్య సొంత కూతురికి నేర్పడం ఎంతసేపనుకుంది.

మూడు రోజులైనా పిల్ల రొమ్ము పట్టలేదు.

"నడుం వంచకు. తల కాదు, మెడ కాడ పట్టుకో. అదిగో తెరిసింది, పెట్టు. మూసేసింది సూడు. ఆలీసం సేసినావు," అని ఎస్తేరమ్మ ఊపిరి తీసుకోకుండా చెబుతూనే ఉంది. ఎమిలీ చేతులు వణికేవి. పిల్ల ఎర్రబడి ఏడ్చేది. రొమ్ములు గట్టిపడి రాళ్ళయ్యాయి. పిండిన నాలుగు చుక్కలే ఉగ్గుగిన్నెతో పోస్తున్నారు, గుడ్డలు తడపడం తగ్గింది. ఆసుపత్రిలో పిల్లను తూచి, రేపటికల్లా దారికి రాకపోతే డబ్బాపాలు కూడా పట్టాలన్నారు. లూకా డబ్బా కొనుక్కొచ్చి ఎవరికీ కనబడకుండా బీరువా మీద పెట్టాడు. ఇంట్లో అందరూ దాన్నే చూస్తున్నారు. ఎస్తేరమ్మకు నిజంగా భయం వేసింది. మనవరాలి బుగ్గలు లాక్కుపోతున్నాయి, తనకేమో చెప్పడం తప్ప ఇంకేమీ తోచడం లేదు. భయం వేసేకొద్దీ గొంతు పెరిగింది.

అప్పుడు అప్పలనర్సమ్మ వచ్చింది. పిల్లను చూసి పెదవి విరిచింది.

"వదినా, సొర తేవాల," అంది.

"సొరా?"

"సొర తింటేగానీ పాలు పడవని నువ్వే గదా అందరికీ సెప్తావు. కుర్రోళ్ళని పంపితే మోసపోతారు. నువ్వే ఎల్లాల."

ఆ సొర ఎందుకో ఎస్తేరమ్మకు తెలియదా? తెలుసు. కానీ బెంగ పట్టిన మనిషికి తెలిసిన సంగతులు అక్కరకు రావు. ఇన్ని ఇళ్ళలో పాలు పడ్డాయి కదా, ఏమో, సొర పేరులోనే ఏదన్నా మహిమ ఉందేమో అనుకుంది. సంచీ పట్టుకుని రిక్షా ఎక్కింది.

గోల్‌బజార్‌లో చేపలమ్మే నిమాయ్ దగ్గర ఆగి, "నిమాయ్ దాదా, హాంగర్ ఆఛే?" అని సొర ఉందేమో అడిగింది.

నిమాయ్ చేపను కత్తిపీట మీదే వదిలి నవ్వాడు. "ఛేలే నా మేయే, మాసీమా?" అన్నాడు. మగపిల్లాడా, ఆడపిల్లా అని.

ఎస్తేరమ్మ తెల్లబోయింది. తెలుగు పెద్దమ్మలు సొర అడిగితే ఇంట్లో పసిబిడ్డ ఉన్నట్టేనని అతను బెంగాలీలో చెప్పుకొచ్చాడు. ఇన్నేళ్ళలో సొర దొరికిన మనిషి లేదు, అయినా ఇంటికెళ్ళేసరికి బిడ్డ తాగుతూనే ఉంటుందని తర్వాత వాళ్ళే చెబుతారట. మథురాకాటి నుంచి వచ్చే ఒకావిడైతే రెండో మనవడికి వచ్చినప్పుడు చేప ఊసే ఎత్తలేదట. ఇంట్లో ఉంటే నా నోరు ఊరుకోదు నాయనా అని, ఇక్కడే పెట్టె మీద కూర్చుని టీ తాగి వెళ్ళిందట.

ఆ ఒకావిడ ఎవరో ఎస్తేరమ్మకు వెంటనే తెలిసింది. తనను ఎందుకు పంపిందో కూడా తెలిసింది. ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి కడిగేద్దామని గబగబా రిక్షాలో ఒక కాలు పెట్టింది. అప్పుడు ఎమిలీ చేతులు గుర్తుకొచ్చాయి. తను నీళ్ళకని పెరట్లోకి వెళ్ళి కిటికీలోంచి చూసిన కాసేపు అవి వణకలేదు. తను గదిలోకి రాగానే మళ్ళీ వణికాయి. చూసి కూడా పట్టించుకోలేదు.

ఎస్తేరమ్మ కాలు దించింది. వెనక్కొచ్చి నిమాయ్ పెట్టె మీద కూర్చుంది. టీ తాగింది. నోరు ఊరుకోక, పొలుసు ఎటునుంచి గీకాలో నిమాయ్‌కి నేర్పింది. అతను పాపం అన్నిటికీ ఠీక్ హై అన్నాడు. ఎండ వాలేదాకా ఆమె అక్కడినుంచి లేవలేదు.

ఇంటికొచ్చేసరికి అప్పలనర్సమ్మ గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. లోపలి గదిలో ఏడుపు లేదు. ఉండుండి గుటక చప్పుడు మాత్రం వినబడుతోంది.

"ఏటి సేసినావు వదినా?" అంది ఎస్తేరమ్మ. ఆమె నోట గుసగుస నిజంగా గుసగుసలా రావడం అదే మొదలు.

"ఏటీ లేదు. యేణ్ణీళ్ళలో గుడ్డ ముంచి రొమ్ముకి కాపడం పెట్టినాను. కొంచెం పిండితే మెత్తబడింది. అంతే, వచ్చి ఇక్కడ కూకున్నాను. నువ్వు సెప్పినవన్నీ దానికి ఎప్పుడో వచ్చేసినాయి. సేసుకోనిచ్చినాను."

ఎమిలీ తలెత్తి చూసింది. "అమ్మా, ఇలా పట్టుకున్నాను, సరిగ్గా ఉందేటి?"

మోచెయ్యి కాస్త కిందికి జారింది. దాని కింద దిండు పెట్టాలి. ఎస్తేరమ్మ నోరు తెరిచింది. మనవరాలి బుగ్గలు నిండుగా కదలడం చూసింది.

"బాగుందమ్మా," అంది.

ఖాళీ సంచీ మేకుకు తగిలించి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి, వచ్చి గడప మీద అప్పలనర్సమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు అందుకుంది.