పల్లకి కొలతకు కట్టిన తోరణం

మొన్న ఆదివారం పొద్దున సర్జాపుర రోడ్డులోని మా అపార్టుమెంటుకు అగ్నిమాపక దళం వాళ్ళు వచ్చి, నిప్పు అంటుకుంటే ఏం చేయాలో, లిఫ్టు ఎందుకు ఎక్కకూడదో, గ్యాసు వాసన వస్తే ముందుగా దేనిమీద చెయ్యి వేయకూడదో ఓపిగ్గా చెప్పి పోయారు. వచ్చిన అధికారికి శాలువా కప్పే పని నాకు అప్పగించారు. జీవితమంతా దినపత్రికలో పనిచేసి రిటైరైన పెద్దమనిషినని ఇలాంటి పనులన్నీ ఈ మధ్య నాకే తగులుతున్నాయి. శాలువా మడత విప్పుతుంటే నా చేతులు వణికాయి. ముందు వరుసలో కూర్చున్న ఒకావిడ లేచి వచ్చి రెండో కొస పట్టుకుని సాయం చేసింది. వయసు వల్ల వచ్చిన వణుకని అనుకుని ఉంటుంది, నేనూ అలాగే అనుకోనిచ్చాను. అది వయసు వణుకు కాదని, ఒకప్పుడు కాటన్‌పేట సందుల్లో నాతో భుజం రాసుకుంటూ నడిచిన నా ఈడు వాళ్ళకైనా చెప్పుకోవాలనిపించి ఇది రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కాటన్‌పేటలో మా పెదనాన్న ఇంట్లో ఉండేవాణ్ణి. తాతల కాలంలోనే హిందూపురం వైపు నుంచి వచ్చి దూది వ్యాపారంలో స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది. కింద దూది బేళ్ళు, పరుపులు అమ్మే అంగడి, పైన ఇల్లు, రెంటికీ మధ్య ఒకే ఒక మెట్లదారి. ఆ మెట్ల మీద కూడా ఒక పక్కన బేళ్ళు పేర్చి ఉండేవి. పెళ్ళిళ్ళ కాలం వచ్చి పరుపులకు గిరాకీ పెరిగిందంటే ఆ ఒక పక్క కాస్తా రెండు పక్కలయ్యేది, మేము పొట్ట లోపలికి పీల్చుకుని అడ్డంగా ఎక్కేవాళ్ళం. భోజనానికి కూర్చునే సరికి అందరి తలల్లోనూ దూది పింజలే. ఆ వీధిలో అన్ని ఇళ్ళూ అంతే కాబట్టి అది తప్పని ఎవరికీ తోచేది కాదు, ఇంట్లో సరుకుందంటే లక్ష్మి ఉన్నట్టే లెక్క.

మా పెద్దమ్మ గొంతు గురించి ఇక్కడే చెప్పాలి. ఆవిడ మెట్లు దిగడం తక్కువ, వీధిలో జరగవలసినవన్నీ పైన కిటికీలోంచే జరిపించేది. కూరగాయల బండివాడు సందు మొదట్లో కేక వేస్తే, ఆవిడ సందు చివర్నుంచే బేరం మొదలుపెట్టేది. "ఏమప్పా, టమాటాకు ఇంత చెప్తాండావు, లోపల బంగారం పెట్టుండావా?" అంటే బండివాడితో పాటు బేళ్ళు మోసే కూలీలు కూడా బరువు దించుకుని నవ్వేవాళ్ళు. పెదనాన్న భోజనానికి రావడం ఆలస్యమైతే ఆ కబురు ఆయనకంటే ముందు వీధికంతా తెలిసేది. పత్రికాఫీసులో ఎన్నో గొంతులు విన్నాను కానీ అంత దూరం అంత తేటగా వెళ్ళే గొంతు మళ్ళీ వినలేదు.

దూది వీధి కనుక అగ్నిమాపక దళం వాళ్ళు ఏటేటా మా సందుకు వచ్చేవారు. రేకు డబ్బాలో నూనె మండించి, దాని మీద నీళ్ళు పోయకుండా తడి గోనె ఎలా కప్పాలో చూపించేవారు. మెట్ల మీద సరుకు పెట్టొద్దనీ, అంగడి మూసేటప్పుడు మెయిన్ స్విచ్చి ఆపమనీ, దూది దగ్గర కర్పూరం, సాంబ్రాణి వెలిగించొద్దనీ కన్నడంలోనూ తెలుగులోనూ బతిమాలినట్టు చెప్పేవారు. వాళ్ళను ఎదుర్కోవడానికి మావాళ్ళు ఒక పద్ధతి కనిపెట్టారు. అది వాదించడం కాదు, లంచం అంతకన్నా కాదు. సన్మానం. వాళ్ళు వచ్చీ రాగానే తలకు మైసూరు పేటా, మెడలో గంధపు దండ, శాలువా. ఆ వెనక మా వీధి వర్తక సంఘం పెద్దల ఉపన్యాసాలు, ఒకరిని మించి ఒకరు పొడుగ్గా. ఆ తర్వాత కేసరిబాత్, ఉద్దివడ, కాఫీ. ఇదంతా ముగిసే సరికి ఎండ నడినెత్తికి వచ్చేది, గోదాముల లోపలికి వెళ్ళి చూసే సమయం ఉండేది కాదు. మనిషిని గౌరవించి వాడి మాటను గుమ్మం బయటే నిలబెట్టడంలో మా పెదనాన్నను మించినవాడు పేటలో లేడు. వాళ్ళు ఇచ్చిన ఎర్ర బకెట్లను ఇసుకతో సహా ఆయన అంగట్లో తగిలించిన మాట నిజమే, కానీ ఆ ఇసుకలో రోజూ అగరుబత్తీలు గుచ్చేవాడు.

ఫైరు స్టేషన్ అధికారి ఒకాయన, బక్కపల్చటి మనిషి, మా వీధి మూలలో భూమిలో ఒక నీళ్ళ తొట్టి కట్టించాలని ఏళ్ళ తరబడి తిరిగాడు. ఇంజను మోసుకొచ్చే నీళ్ళు దూది మంటకు ఏ మూలకూ చాలవని ఆయన బాధ. చివరికి ఎలాగో వార్డు నిధుల్లోంచి దానికి డబ్బు మంజూరైంది. మావాళ్ళకు అప్పుడు గుండె గుభేలుమంది. ఆ మూల సరుకు దింపే లారీలు నిలిచే చోటు, దాన్ని తవ్వితే పెళ్ళిళ్ళ గిరాకీ మొత్తం పక్క వీధికి పోతుంది. పెదనాన్న ముందు నడవగా సంఘం వాళ్ళు దండలు పట్టుకుని వార్డు సభ్యుడి ఇంటికి వెళ్ళారు. తొట్టి అయితే భూమిలో ఉంటుంది, ఎవరి కంటా పడదు. అదే డబ్బుతో వీధి మొదట్లో ఒక స్వాగత తోరణం కట్టిస్తే దాని మీద మీ పేరుంటుంది, అగ్నిమాపక దళానికి గౌరవార్థమని రాయిద్దాం, వాళ్ళూ సంతోషిస్తారు అని చెప్పారు. ఆ మాట ఆయనకు నచ్చింది. ప్రజల డబ్బు నీళ్ళు కావలసినది అలా సిమెంటు అయింది.

తోరణం ఎత్తు విషయంలో మాత్రం మావాళ్ళు ఎంతో శ్రద్ధ తీసుకున్నారు. ఏటా ఉత్సవం రోజున దేవుడి పల్లకి ఆ వీధిలోకి వస్తుంది, మోసేవాళ్ళ భుజాల మీద పల్లకి, పల్లకి మీద గొడుగు. ఆ గొడుగు పైకొస తగలకూడదని గుడి నుంచి గొడుగు తెప్పించి, కూలీ ఒకణ్ణి బల్ల మీద నిలబెట్టి పట్టించి మరీ కొలిచారు. పైన కిటికీలోంచి ఇదంతా చూస్తున్న పెద్దమ్మ ఊరుకోలేదు.

"దేవుడు వంగకుండా పోతాడు, సరేనప్పా. ఆ ఎర్రబండి వంగుతాదా?"

"ఆ బండి మన బీదికి రాకూడదనే కదే ఈ తోరణం కట్టేది!" అన్నాడు పెదనాన్న, పైకి చూడకుండానే.

వీధంతా విరగబడి నవ్వింది. ఆఫీసుకు బయలుదేరిన నేనూ నిలబడి నవ్వాను.

ప్రారంభోత్సవం రోజున ఫైరింజన్ను అరటి పిలకలతో, బంతి దండలతో అలంకరించి తోరణానికి బయట, రోడ్డు మీద నిలబెట్టారు. లోపలికి తెచ్చే అవసరం ఎవరికీ కనిపించలేదు, బయట ఉంటేనే ఫొటోలో తోరణమూ బండీ కలిసి వస్తాయి. బక్కపల్చటి అధికారి ఒకసారి బండి మీద కట్టిన నిచ్చెన వంకా, ఒకసారి తోరణం కమాను వంకా చూశాడు. ఏదో అనబోయాడు. ఆయన నోరు తెరిచే లోపల తల మీద పేటా పెట్టారు, చప్పట్లు మోగాయి.

ఆ తర్వాత వచ్చిన పెళ్ళిళ్ళ కాలంలో, ఒక శుక్రవారం పొద్దున, పెదనాన్న అంగట్లో సాంబ్రాణి వేసి, బయటికి వచ్చి ఎవరితోనో మాట్లాడుతూ నిలబడ్డాడు. నేను వీధి మూల హోటల్లో కాఫీ తాగుతున్నాను. ముందు పొగ కనిపించింది, చూస్తుండగానే అంగడి గుమ్మం ఎర్రబడింది. దూది మండితే చప్పుడు ఉండదు, అందుకే అది మరీ భయపెడుతుంది. కూలీలందరూ బయటపడ్డారు. పెద్దమ్మ శుక్రవారాలు గుడికి వెళ్తుంది కనుక పైన ఎవరూ లేరనే అనుకున్నారు.

ఫైరింజను గంట కొట్టుకుంటూ వెంటనే వచ్చింది, స్టేషను దగ్గరే కదా. వచ్చి తోరణం దగ్గర ఆగింది. డ్రైవరు మెల్లగా ముందుకు పోనిచ్చి చూశాడు, పైన నిచ్చెన కమానుకు తగిలి గార పెచ్చు ఊడి కింద పడింది. అప్పుడు నా చెవులతో విన్న మాటలు ఇన్నేళ్ళయినా పోవడం లేదు.

"ఓ డ్రైవరప్పా, నిదానం! తోరణం పోతాది, తోరణం!"

నాలుగు వైపుల నుంచీ అరిచారు. అందులో ఒక గొంతు మా పెదనాన్నది. అలవాటైన గొంతు, అలవాటైన మర్యాద, 'అప్పా' అని పిలుస్తూనే.

అంతలో పైన కిటికీలోంచి పెద్దమ్మ పిలిచింది. ఆ రోజు ఆవిడ గుడికి వెళ్ళలేదు. మెట్ల మీద బేళ్ళు అంటుకున్నాయి, దిగే దారి లేదు. కిటికీ చువ్వలు పట్టుకుని, ఆ పొగలోనే, వీధి మొత్తానికీ వినిపించేలా ఆవిడ పిలిచిన పిలుపు రోడ్డు మీద ఉన్న ఇంజను దాకా తేటగా వచ్చింది. ఆ గొంతును అలా వినడం అదే చివరిసారి.

ఫైరువాళ్ళు ఇంకేమీ ఆలోచించలేదు. బండి మీద నిచ్చెన విప్పి భుజాల మీద ఎత్తుకుని, కమాను కింద వంగి, పరిగెత్తారు. గొట్టానికి గొట్టం తగిలించుకుంటూ వెనక ఇంకొందరు. కిటికీ చువ్వలు విరిచి పెద్దమ్మను దించే సరికి ఆవిడకు స్పృహ లేదు. ఇంజనులో నీళ్ళు అయిపోయాయి. తొట్టి ఉండవలసిన మూలలో ఒక లారీ నిలబడి ఉంది. రెండో ఇంజను వచ్చేదాకా వాళ్ళు చేతికి దొరికిన బిందెలతో, గోనెలతో పక్కిళ్ళను కాపాడారు. మా అంగడి మాత్రం మిగల్లేదు.

పెద్దమ్మ బతికింది. గొంతు బతకలేదు. పొగ లోపల ఏం కాల్చిందో డాక్టర్లు వివరించారు కానీ మాకు అర్థమైంది ఒక్కటే, ఇకపై ఆవిడ మాట పక్కన కూర్చున్నవాళ్ళకు తప్ప వినిపించదు. ఎవరినైనా పిలవాలంటే కిటికీ చువ్వల మీద స్టీలు లోటాతో కొట్టేది. కూరగాయల బండివాడు ఆ చప్పుడు విని పైకి చూసి, బేరం లేకుండానే, ఆవిడ ఎంత ఇవ్వదలచుకుందో అంతకే ఇచ్చి వెళ్ళిపోయేవాడు. ఆవిడకు అది ఎంత అవమానమో వాడికి తెలియదు.

ఇంట్లో తోరణం మాట ఎవరూ ఎత్తలేదు. ఎవరైనా ఎత్తి పెదనాన్నను నాలుగు మాటలని ఉంటే ఇంత సిగ్గు నాలో మిగిలేది కాదేమో. అందరం కలిసి విధి అన్నాం, శుక్రవారం అన్నాం, వైర్లు పాతవి అన్నాం. అంగడి మళ్ళీ కట్టాక కొంతకాలం మెట్లు ఖాళీగా ఉన్నాయి. తర్వాత ఒకరోజు, రెండు రోజులే కదా అని ఒక బేలు వచ్చి కూర్చుంది. పైనుంచి లోటా చప్పుడు వినిపించింది. కాఫీకి పిలుస్తోందేమో అనుకున్నారు కిందివాళ్ళు.

మరుసటి ఏడు ఫైరువాళ్ళు మళ్ళీ వచ్చారు. అదే తోరణం కింద అదే షామియానా, అదే మైకు, అవే ఉపన్యాసాలు. ఈసారి మాత్రం పెద్దమ్మ తాంబూలం పళ్ళెం పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. సంఘం వాళ్ళలో ఒకాయన ఎంతో గౌరవంగా మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టబోతే వద్దని తల తిప్పేసింది. బక్కపల్చటి అధికారి ఆవిడ మాట వినడానికి బాగా కిందికి వంగాడు. పక్కనే ఉన్న నాకూ ఆ గుసగుస వినిపించింది.

"బండి వంగలేదప్పా. మీరు వంగి వచ్చినారు."

ఆయన పళ్ళెంలోంచి ఒక తమలపాకు తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. పెదనాన్న శాలువా పట్టుకుని వెనకే నిలబడి ఉన్నాడు, ఆయనకు వినిపించిందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. వీధిలో దూది కంటే ప్లాస్టిక్ సామాను ఎక్కువ. కాలం మారింది, మనం పధ్నాలుగో అంతస్తుకు ఎక్కాం, సన్మానాల్లో పేటా పోయి మొక్క కుండీలు వచ్చాయి, కేసరిబాత్ బదులు అట్టపెట్టెల్లో శాండ్‌విచ్చులు పంచుతున్నారు. మొన్న ఆదివారం మా గేటు దగ్గర ఎరుపు, పసుపు బెలూన్లతో కమాను కట్టారు. ఫైరింజను దాని బయటే, రోడ్డు మీద నిలబడి ఉంది, పిల్లలు దాని ముందు ఫొటోలు దిగుతున్నారు. బండిని ఒకసారి లోపలికి తెచ్చి మన బిల్డింగుల చుట్టూ తిప్పి చూస్తే బాగుంటుంది కదా అని మా అపార్టుమెంటు సంఘం కార్యదర్శిని అడిగాను. గుంటూరు నుంచి వచ్చిన కుర్రవాడు, నేనంటే ఎంతో మర్యాద.

"లేదంకుల్, అంత వెయిట్‌కి టైల్స్ పగిలిపోతాయి. మొన్ననే కదా మెయింటెనెన్స్ ఫండ్‌తో కొత్తవి వేయించాం!"

శాలువా కోసం వేదిక మీదకు వచ్చిన యువ అధికారి ఆ మాట విన్నాడు. కోలారు వైపు మనిషట, మన తెలుగే. "పరవాలేదు సార్, అవసరమైతే మేమే పరిగెత్తుకోని వస్తాము" అని నవ్వాడు. నిచ్చెన అందని ఎత్తుకు ఎంతమంది ఎలా పరిగెత్తుకుని వస్తారో నేను అడగలేదు. శాలువా కప్పాను, అందరూ చప్పట్లు కొట్టారు. రెండు మాటలు మాట్లాడమని మైకు ఇస్తే, వచ్చినందుకు ధన్యవాదాలు చెప్పి, కార్యక్రమం ఇంత చక్కగా ఏర్పాటు చేసిన సంఘం వారిని అభినందించి కూర్చున్నాను.

ఆ రోజు పెద్దమ్మకు గొంతు లేదు. మొన్న నా చేతిలో మైకు ఉంది.