నాలుకతో తుడిచిన పలక

నిన్న మా మార్కాపురం బడి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో మా తెలుగు సారు ఒక వీడియో పెట్టారు. స్కాట్లాండ్ ముసలావిడ ఒకామె తన స్కాట్స్ భాషలో ఇంటిని 'హూస్' అనీ, బిడ్డను 'బేర్న్' అనీ, 'ర'ను నాలుక మీద దొర్లిస్తూ చెబుతోంది. కింద సారు రాశారు: "సొంత యాసను ఇలా కాపాడుకోవాలి."

పలక పట్టుకుని బడికి పోయిన వాళ్లందరికీ ఆ వాసన తెలుసు కదా, ఎంగిలి తగిలిన నల్లరాయి వాసన? సారు మాట చదవగానే నాకు అది గుప్పున వచ్చింది.

మూడో తరగతిలో నా పక్కన కూర్చునే ఓబులేసు "మా నాయన సేనికి పోయినాడు సార్" అన్నాడు. ఆ మాటను వాడి పలక మీదే రాయించి, "థూ, ఏం భాషరా అది! నాలుకతో తుడువు" అన్నది ఈ సారే. వాడు నాకాడు. బలపం పొడి, ఎంగిలి, కన్నీళ్లు కలిసి గడ్డం మీదుగా కారాయి.

వీడియో కింద అందరూ దండాలు పెట్టారు. ఓబులేసు కూడా రాశాడు: "చానా బాగుండాది సార్." నేను చూస్తుండగానే దాన్ని చెరిపేసి మళ్లీ రాశాడు: "చాలా బాగుంది సార్."

మనవళ్లున్న మనిషి. ఇంకా ఆ పలక నాకుతూనే ఉన్నాడు.