నోరు కనపడనివాడి మాట

ముసుగు వేసుకున్న హీరోకి నోరు కనపడదు. మా పనిలో ఇంతకన్నా పెద్ద సుఖం లేదు, పెద్ద ప్రమాదమూ లేదు. వేరే భాషలో తీసిన బొమ్మల సీరియల్‌ని మన భాషలోకి మార్చేటప్పుడు తెర మీది బొమ్మ పెదవులు ఎంతసేపు కదిలితే అంతసేపే మన మాట ఉండాలి. బొమ్మ నోరు మూసినప్పుడు మనమూ మూయాలి. ఈ కొలత కుదరక మాటలు రాసే మాస్టారు ఒక్కో వాక్యాన్నీ కత్తిరించి, సాగదీసి, తల పట్టుకుని కూర్చుంటాడు. ముసుగువాడి దగ్గర ఆ బాధ లేదు. ముక్కు దగ్గర్నుంచి గడ్డం దాకా గుడ్డే కనుక వాడిచేత ఏమైనా అనిపించవచ్చు. మంచిమాట అనిపించవచ్చు, చెత్త అనిపించవచ్చు. అలా అనిపించిన ఒక చెత్త మాట గురించే ఇదంతా. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను ఆ స్టూడియోలో గొంతులు రికార్డు చేసేవాణ్ణి. అద్దానికి ఇవతల నేను, అవతల చిన్న గదిలో మైకు ముందు మా అక్క. సొంత అక్క కాదు. కానీ ఆమెని ఇంకోలా పిలిచే ధైర్యం మాలో ఎవరికీ లేదు. వెనకాల మాత్రం అందరూ ముసుగక్క అనేవారు. పిల్లలు పిచ్చిగా చూసే 'ముసుగన్న' సీరియల్లో ఆ హీరో గొంతు ఆమెదే. మనిషిని చూస్తే మీరు నమ్మరు. పొట్టిగా ఉంటుంది, యాభై దాటాయి, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతుంటుంది. ఎండాకాలంలో కూడా వేడినీళ్ళ ఫ్లాస్కు చంకలో ఉండాల్సిందే. గదిలోకి వెళ్ళేముందు చప్పుడు చేసే గాజులు తీసి నా బల్ల మీద పెట్టి, "బంగారం కాదులే తమ్ముడూ, అయినా ఓ కన్నేసి ఉంచు" అనేది. రోజూ అదే మాట, రోజూ నేను నవ్వాలి. లోపలికి వెళ్ళి నోరు తెరిచిందంటే మీసం ఇంకా సరిగా రాని కుర్రాడెవడో మేడ అంచున నిలబడి మాట్లాడుతున్నట్టే ఉండేది.

ఆమె ఈ పనిలోకి ఏడుస్తూ వచ్చింది. హాస్యానికి అనడం లేదు. సినిమాల్లో పసిపిల్లల ఏడుపులు ఆమెచేత ఏడిపించేవారు. తర్వాత గుంపులో కేకలు, పక్కింటావిడ దగ్గు, ఫోన్లో వినిపించే నర్సు. పేరు ఎక్కడా పడేది కాదు, ఆమె అడిగేదీ కాదు. ఆమె భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. కింద కొట్టు, పైన రెండు గదుల కాపురం. నేను వెళ్ళినప్పుడల్లా బావ అదే మొర పెట్టుకునేవాడు. "ఇన్నేళ్ళనుంచి ముసుగన్నతో కాపురం చేస్తున్నానయ్యా, ఒక్కరోజైనా నన్ను కాపాడిన పాపాన పోలేదు." లోపల గిన్నెలు తోముతున్న అక్క హీరో గొంతుతోనే జవాబు చెప్పేది. "ముందు ఆ గ్యాసు బండ పైకి తీసుకురా. కాపాడే సంగతి తర్వాత చూద్దాం."

ముసుగన్న గురించి ఆమెకి తెలిసినంత వాణ్ణి గీసినవాళ్ళకైనా తెలుసో లేదో. ఒక కథలో వాడు మెట్ల మీంచి పడి ఎడమ మోకాలికి దెబ్బ తగిలించుకున్నాడు. తర్వాతి కథల్లో ఆ మోకాలి ఊసే లేకపోయినా వాడు లేచి నిలబడ్డప్పుడల్లా అక్క చిన్నగా ఒక మూలుగు పెట్టేది. మేడ మీంచి దూకేముందు ఊపిరి బిగబట్టేది. "ఇదెందుకక్కా, పిల్లలు గమనిస్తారా?" అన్నాను ఒకసారి. "గమనించరు. కానీ వింటారు. వీడికి దూకేముందు భయం వేస్తుంది తమ్ముడూ, ఆ కళ్ళు చూడు. భయం లేనివాడు దూకితే గొప్పేముంది, కోతులూ దూకుతాయి" అంది.

నాకు ఆ సీరియల్ నచ్చడానికీ అదే కారణం. వాణ్ణి రాసినవాడెవడో బుద్ధిగా రాశాడు. వాడికి ఒక ముసలి మేనత్త ఉంది, ఆవిడకి చెప్పిన అబద్ధాలు గుర్తుపెట్టుకోలేక వాడు చచ్చేవాడు. దెబ్బలు తింటాడు, ఓడిపోతాడు, ఓడిపోయిన రోజు ముసుగు తీసి బకెట్లో నానబెట్టి కూర్చుంటాడు. మనిషన్నవాడు ఎలా ఉంటాడో అలాగే ఉండేవాడు.

ఇలా ఉండగా ఛానల్ తరఫున ఒక పెద్దమనిషి దిగాడు. ఏం వినిపించినా "బాగుందండీ, కానీ ఊపు లేదు" అనేవాడు. వారం తిరక్కుండా ఊపుగారు అని పేరు పడిపోయింది. మొదట చిన్న చిన్నవి మార్పించాడు. ముసుగన్న ఎవర్నైనా ప్రమాదంలోంచి లాగాక "దెబ్బ తగిలిందా?" అని అడిగేవాడు. దాన్ని తీసేసి "నేనుండగా నీకేం కాదు" అనిపించాడు. తర్వాత "ఈ ఊరికి నేనే దిక్కు" అనిపించాడు. మాస్టారు మంచివాడే, కాకపోతే ఎదురు చెప్పాల్సి వస్తే నీళ్ళు నములుతాడు. అక్క మొహం మాడ్చుకుని చదివేది. చదివి బయటికొచ్చి, "వీడికి మెల్లమెల్లగా బలుపెక్కిస్తున్నారు తమ్ముడూ" అనేది.

అప్పుడు ఆ కాపలాదారు కథ వచ్చింది. ఒక గిడ్డంగిలో దొంగతనం జరుగుతుంది. ముసుగన్న తొందరపడి అక్కడి కాపలాదారుని పట్టుకుని, వీధిలో అందరూ చూస్తుండగా దీపస్తంభానికి కట్టేస్తాడు. జనం చప్పట్లు కొడతారు. తర్వాత అసలు దొంగ వేరేవాడని బయటపడుతుంది. ఆ వారం చివర్లో ముసుగన్న పట్టపగలు అదే వీధికి వస్తాడు, అందరి ముందూ ఆ కాపలాదారు గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుంటాడు. మూలంలో వాడన్న మాటలు మాస్టారు చక్కగా తెలుగు చేశాడు. "తప్పు నాది. నువ్వు దొంగవి కాదు. అందరి ముందూ పట్టుకున్నాను, అందుకే అందరి ముందూ చెబుతున్నాను." అంతే. అక్క ఇంట్లో ఆ ముక్కే పదే పదే అనుకుంటోందని బావ చెప్పాడు. ఏడవకుండా చెప్పాలట, గొప్పలు పోకుండా కూడా చెప్పాలట.

రికార్డింగు రోజు ఊపుగారు ఆ కాగితం తీసుకుని ఆ మూడు ముక్కలూ కొట్టేసి, పైన తన చేత్తో రాశాడు. "ఈసారికి వదిలేస్తున్నా. ఇంకోసారి నా కంటపడ్డావో, చూసుకో."

అక్క కళ్ళజోడు పెట్టుకుని చదివింది. గది తలుపు తీసుకుని బయటికొచ్చింది.

"మోకాళ్ళ మీద కూర్చున్నాడు కదండీ వాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఎవరైనా బెదిరిస్తారా?"

"అదే స్టైలమ్మా. కిందికి వంగి కళ్ళలోకి చూసి వార్నింగ్ ఇస్తున్నాడన్నమాట."

"వాడి కళ్ళు నేల మీదున్నాయి."

"పిల్లలు అంత చూస్తారా? హీరో సారీ చెబితే చిన్నబోతాడమ్మా. రేపట్నుంచి వాడి బొమ్మ ఎవడు కొంటాడు? ముసుగుంది కదా, నోరు కనపడదు, ఏం పెట్టినా సరిపోతుంది."

"మరి ఆ కాపలా ఆయన దొంగే అయిపోయాడు కదా."

"అయితే ఏమైంది? బొమ్మేగా."

ఆ మాటకి అక్క మొహం ఎర్రబడటం చూశాను. గొంతు మాత్రం పెంచలేదు. గొంతుతో బతికేవాళ్ళు దాన్ని అంత తేలిగ్గా పారేసుకోరు.

"ముసుగన్న కూడా బొమ్మేనండీ. వాడి పరువు మీద మీకు ఇంత బెంగ ఉందే, ఈయన పరువు మీద లేదేం? నేనొకటి అడుగుతాను. వాడికి ముసుగుంది. పేరు తెలీదు, ఇల్లు తెలీదు. తప్పు చేసి జారుకుంటే అడిగే నాథుడు లేడు. అయినా తనంత తనే వచ్చాడు, ఎవరూ పిలవకుండా. మంచిపని చేసినప్పుడు పేరు వద్దనుకున్నవాడు కాబట్టే చెడ్డపని చేసినప్పుడు దాక్కోలేదు. దీనికన్నా ఊపు ఎక్కడుందో నాకు చూపించండి, మారుమాట్లాడకుండా చదువుతాను."

"మీ పని చదవడమమ్మా. రాయడం కాదు."

"సరే. మిగతావన్నీ చదువుతాను. అదొక్కటీ చదవను."

అన్నట్టే మిగతావన్నీ చదివింది. ఆ ఒక్క చోట నోరు మూసుకుని నిలబడింది. బయటికొచ్చి గాజులు వేసుకుని వెళ్ళిపోయింది. లోపలికి వెళ్ళేటప్పుడు బంగారం మాట అన్న మనిషి నా వైపు చూడనైనా లేదు. ఊపుగారు నా వైపు తిరిగి, సినిమా ప్రకటనలు చదివే కుర్రాడొకడు ఉన్నాడు, వాడిచేత ఆ ముక్క చెప్పించి ఆమె గొంతులా కొంచెం సన్నగా చెయ్యమన్నాడు. నాకు చేతకాదన్నాను. చేతనవును, అయినా చేతకాదనే అన్నాను. "ముసుగు వెనక ఎవడి గొంతైతే ఏంటయ్యా?" అని విసుక్కుని, ఇంకెక్కడో చేయించుకున్నాడు.

నాకు అసలు మండేది ఎక్కడో చెబుతాను. మేడ మీంచి దూకడం పిల్లలు నేర్చుకోకూడదు. ఒంటిచేత్తో లారీ ఆపడం నేర్చుకుందామన్నా వాళ్ళకి రాదు. వాడు చేసే సాహసాలన్నిట్లో పిల్లలు ఇంట్లో చేయగలిగింది, చేయాల్సింది, అదొక్కటే. తప్పు చేశాక వెళ్ళి ఎదురుగా నిలబడి చెప్పడం. దూకుడంతా అలాగే ఉంచి, పనికొచ్చే ఆ ఒక్కటీ ఏరి పారేశాడు ఈ పెద్దమనిషి. పారేసి, పిల్లల మంచికోసమే అన్నట్టు మొహం పెట్టాడు.

ఆ భాగం టీవీలో వచ్చింది. అన్ని మాటలూ అక్క గొంతులో నడిచి, మోకాళ్ళ మీద కూర్చోగానే ఎవడో బొంగురు మనిషి గుర్రుమన్నాడు. ముసుగువాడిని పిల్లలు దేన్నిబట్టి గుర్తుపడతారు? మొహం లేదు కదా, గొంతే వాడి మొహం. వారం రోజులు ఛానల్‌కి పిల్లల ఫోన్లు. ముసుగన్నని ఎవరో ఎత్తుకుపోయారని, దొంగవాడు ముసుగు తగిలించుకున్నాడని, అసలువాడు ఎప్పుడు వస్తాడని. విని నేను పడీపడీ నవ్వాను. ఇక ఊపుగారికి బుద్ధొస్తుంది, అక్కని పిలుస్తారనుకున్నాను. ఊపుగారు ఏమన్నాడో తెలుసా? చూశారా ఎంత సందడో, దీన్నే ఊపంటారు అన్నాడు. ఆ పై వారం నుంచి మొత్తం బొంగురు కుర్రాడిదే. అక్కకి కబురు కూడా పెట్టలేదు.

కొన్నాళ్ళకి ఆమె మళ్ళీ మా స్టూడియోకి వచ్చింది, ఏదో కొత్త భవనంలో లిఫ్టుకి గొంతు ఇవ్వడానికి. "తలుపులు మూసుకుంటున్నాయి. దయచేసి దూరంగా నిలబడండి." అద్దానికి ఇవతల కూర్చుని అది రికార్డు చేస్తుంటే ఎవర్నైనా కొట్టాలనిపించింది నాకు. పని అయ్యాక ఇద్దరం ఒకే బస్సెక్కాం. సాయంత్రం రద్దీ. మా ముందు సీట్లో బడినుంచి వస్తున్న ఇద్దరు ఆడపిల్లలు, ఒళ్ళో సంచులు. అక్కచెల్లెళ్ళలా ఉన్నారు. మాటల్లో ముసుగన్న దొర్లగానే అక్క, నేను నోరు మూసుకున్నాం.

"వాడు నకిలీవాడే" అంటోంది పెద్దపిల్ల. "మనవాడైతే సారీ చెప్పేవాడు."

"ఎందుకు చెబుతాడు? ఆ కాపలావాడు దొంగ."

"అసలు దొంగ వేరేవాడని చూపించారు కదే."

"అయితే ఇద్దరూ దొంగలే. ముసుగన్న ఊరికే పట్టుకోడు." చిన్నది సంచి సర్దుకుంటూ, అందరికీ తెలిసిన సంగతి చెబుతున్నట్టు మామూలుగా అంది. "ఊరికే పట్టుకున్నా పెద్దవాళ్ళు సారీ చెప్పరు. సారీ చిన్నపిల్లలే చెప్పాలి."

అక్క ఫ్లాస్కు నా ఒళ్ళో పడేసింది. లేచి నిలబడి పై కడ్డీ పట్టుకుంది. ఇంట్లో, మైకు ముందు తప్ప ఎక్కడా ఆ గొంతు తీసిన మనిషి కాదు. మా పనిలో ఎవరూ తీయరు. ఆ గొంతు ఎవరిదో తెలిస్తే పిల్లలకి హీరో పోతాడని.

"తప్పు నాది" అంది ముసుగన్న గొంతుతో. "అతను దొంగ కాదు. అందరి ముందూ పట్టుకున్నాను, అందుకే అందరి ముందూ చెబుతున్నాను."

ఏడవకుండా చెప్పింది. గొప్పలు కూడా పోలేదు. బస్సులో సగం మంది తలలు తిప్పారు. టికెట్లు ఇస్తున్న కండక్టరు చేయి గాల్లోనే ఉండిపోయింది. పిల్లలిద్దరూ ముందు కిటికీలోంచి బయటికి చూశారు, తర్వాత వెనక్కి తిరిగి, కళ్ళజోడు మెడలో వేసుకున్న ఈ పొట్టి మనిషిని కింది నుంచి పై దాకా చూశారు. పెద్దపిల్ల నోరు తెరుచుకుని ఉండిపోయింది. చిన్నది మాత్రం ఆశ్చర్యపోలేదు. దానికి కోపం వచ్చింది.

"మరి ఆయనకి చెప్పావా?"

చెప్పాను అంటే సరిపోయేది. చెప్పనివ్వలేదు అనొచ్చు, అది నిజం కూడా. నా నోటిదాకా వచ్చింది. అక్క అదేమీ అనలేదు, గొంతూ మార్చలేదు.

"ఇంకా చెప్పలేదమ్మా."

"ఇక్కడ బస్సులో మాకు చెబితే ఏం లాభం?" అంది ఆ పిల్ల. "వెళ్ళి ఆయనకి చెప్పు."