అతుకు దగ్గర

మా పాపను హిందూపురం ఆసుపత్రిలో కడుపు కోసి తీశారు. అరవైల మొదట్లో మా ధర్మవరం నేతగాళ్ల వీధిలో అది పెద్ద వార్త. ఆ కోత నేనే కోయించుకున్నంత గొప్పగా చెప్పుకుని తిరిగాను. ఇంకో కాన్పుకు రెండేండ్లన్నా ఆగమని, లేకుంటే ప్రాణానికే ప్రమాదమని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. ఏడాది తిరక్కముందే మా అమ్మ మనవడి పాట ఎత్తుకుంది. నేను తాళం వేశాను. నా భార్యను మాత్రం ఇద్దరిలో ఎవరమూ అడగలేదు.

డాక్టరమ్మ చేతనే సరేననిపిద్దామని, పాపను చంకనేసుకుని భార్యాభర్తలం రైలెక్కాం. ఏం మాట్లాడాలో పెనుకొండ దాటేదాకా మనసులో వల్లె వేసుకుంటూనే ఉన్నాను. నాకు తెలిసిందల్లా మగ్గం. లోకంలో దేన్నైనా దాంతోనే కొలిచేవాణ్ణి.

"కుట్లు బాగా అతుక్కున్నాయమ్మా," అన్నాను డాక్టరమ్మతో. "మగ్గం మీద నిలువు పోగుల పడుగు అయిపోతే కొత్త పోగుల్ని పాతవాటికి అతికి మళ్లా చీర నేస్తాం. ఇదీ అంతే గదా."

ఆమె నవ్వలేదు. "ఆ పడుగు తెగితే ముందు యాడ తెగుతాదప్పా?" అని అడిగింది.

పని గురించి అడిగితే నా నోరు ఆగదు. "అతుకు కాడనేమ్మా" అనేశాను.

అన్నాక గానీ ఏమన్నానో తెలియలేదు.

"పోగు తెగితే ముడేసుకుంటావు. మనిషికి ఏం ముడేస్తావు?" అని, ఆమె నా భార్య వైపు తిరిగింది. "నీకేం కావాలమ్మా?"

"ఇంకో బిడ్డ కావాలనే ఉండాదమ్మా. దాన్ని ఎత్తుకునేకి నేనూ ఉండాల గదా" అంది నా భార్య, పాప తల నిమురుతూ.

ఏడాదిగా పక్కనే ఉన్న మనిషి భయం కనిపించలేదంటే, నా కళ్లు జరీ పోగులు చూడ్డానికే పనికొస్తాయన్నమాట. నా మీద నాకే అసహ్యం వేసింది.

తిరుగు రైల్లో ధైర్యం తెచ్చుకుని, "నువ్వు సరేననేదాకా ఆగుదాంలే. మూడేండ్లైనా సరే" అన్నాను.

"నాకెందుకు చెప్తాండావు? మీయమ్మకు చెప్పు."

అప్పటికింకా పెనుకొండ కూడా రాలేదు. ఇల్లు దూరంగా ఉంది కాబట్టి వెంటనే ఒప్పుకున్నాను.

అమ్మకు చెప్పడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ నా భార్య పాపను తీసుకుని మా అమ్మ పక్కనే పడుకుంది.