అక్కతో నరాల దవాఖానకు

వరంగల్ కాశిబుగ్గలో అచ్చు అతకడంలో మా లక్ష్మక్కకు పేరు. మగ్గం మీది పాత పోగుల కొసలకు కొత్త పోగులను, వేళ్లకు బూడిద అద్దుకుని, ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలిపే పని అది. రెండేళ్ల కిందట ఆమెకు గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేశారు. అప్పటికి నలభై నిండలేదు. మొన్న చలికాలంలో అంచుకు పోవలసిన ఎర్ర పోగులను తెల్ల పోగులకు అతికింది. చీర మధ్యలో ఎర్ర చార పడింది. బావ చూపించి అడిగితే, "ఇది నేనతకలే" అంది. వచ్చే వారం అదే ఆపరేషన్ నాకు. అందుకే అక్కను నరాల డాక్టరుకు చూపించి, నా సంగతీ అడగాలని ఈ ప్రయాణం.

పొద్దున ఆరున్నరకు వరంగల్‌లో ప్యాసింజర్ ఎక్కాం. సద్దిలో జొన్నరొట్టె, కారం. కాజీపేట దాటగానే "ఏడికి పోతానమే?" అని అడిగింది అక్క. చెప్పాను. జనగామలో మళ్లీ అడిగింది. నెక్కొండలో ఎక్కి ఎదురు బల్ల మీద కూర్చున్న ముసలమ్మ మమ్మల్ని ఆరా తీసి, "గర్భసంచి తీస్తే మతి దానెంబడే పోతది బిడ్డా. మా ఆడిబిడ్డ గట్లనే అయింది" అంది. సలహాకు టికెట్ అక్కర్లేదు కదా. నవ్వి ఊరుకుందామనుకున్నాను, కానీ ఆ ఆడిబిడ్డకు ఎన్నేళ్లని అడిగేశాను.

సికింద్రాబాద్‌లో దిగి, అక్కను ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చోబెట్టి, చెంబు నింపుకుని వచ్చేసరికి ఆమె లేదు. ప్లాట్‌ఫారమంతా పరుగెత్తాను. పక్కన ఆగి ఉన్న ఏదో బండిలో కిటికీ దగ్గర కూర్చుని ఉంది. "నువ్వే కద ఎక్కుమన్నవ్" అంది. చెయ్యి పట్టుకుని దించాను.

దవాఖానకు వెళ్లేవాళ్లు పొద్దున్నే చేరండి. మేం ఆలస్యంగా పోయి మధ్యాహ్నందాకా వరండాలోనే ఉన్నాం. డాక్టరమ్మ అక్కను ఓపిగ్గా పరీక్షించి, మందులు రాసి, నెలకు మళ్లీ రమ్మంది.

"నాకూ అదే ఆపరేషనమ్మా. నేనూ గిట్లనే అయితనా?" అని అడిగాను.

"దానివల్లనే అని చెప్పలేను, కాదనీ చెప్పలేను. అండాశయాల హార్మోన్ మెదడుకూ చేరుతుంది. జ్ఞాపకం ఉండే చోట కూడా దాన్ని అందుకునే నరాల కణాలున్నాయి. అది అందకపోతే వాటికేమవుతుందో ఇంకా తెలుసుకుంటున్నారు. నీ అండాశయాలు బాగుంటే ఉంచొచ్చేమో మీ డాక్టర్ని అడుగు" అంది.

తెలియదు అన్న మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది. అండాశయాలు ఉంచే సంగతి తేలనిదే ఆపరేషన్ బల్ల ఎక్కనని తిరుగు బండిలో ఒట్టు పెట్టుకున్నాను. అక్క తల వంచుకుని ఒళ్లో ఏదో చేసుకుంటోంది. ఈ దారిన వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, ఒంటరిగా రాకండి.

కాజీపేట దాటాక లేవబోతే కొంగు లాగింది. నా కొంగు పోగులను అక్క తన కొంగు పోగులకు అతికేసింది. బూడిద లేక ఉమ్మి తడి చేసింది.

"మళ్ల తప్పిపోతనేమోనని" అంది నెమ్మదిగా.

పొద్దుటి నుంచీ ఆ భయం నా ఒక్కదానిదే అనుకున్నాను. అతుకులు చూశాను. ఎర్రకు ఎర్ర, తెల్లకు తెల్ల, చక్కగా పడుతూ వచ్చి, చివర ఒక ఎర్ర పోగు తెల్లదానికి పడింది. అక్కకు చెప్పలేదు. వరంగల్‌లో వాటిని తెంపకుండానే దిగాం, ఒకరి అడుగు కోసం ఒకరం ఆగుతూ.